శాన్ డియేగో నుంచి ఉత్తరం: 13 వారాల ఎదురుచూపు

అమెరికా సాయుధ దళాల్లో ఒకటైన మెరీన్ కోర్‌లో చేరినవారికి తొలి శిక్షణ 13 వారాలు సాగుతుంది. ఆ వారాలలో శిక్షణార్థి చేతిలో ఫోను ఉండదు, ఈమెయిలు ఉండదు. చేరిన రాత్రి ఇంటికి చేసే, ఒక్క నిమిషమైనా నిండని ఫోను, ఆ తర్వాత పోస్టులో వచ్చే ఉత్తరాలు, ఇంతకు మించి తల్లిదండ్రులకు దక్కేది దాదాపు లేదు. మా అబ్బాయి హైస్కూలు ముగించిన వేసవిలోనే ఈ శిక్షణకు వెళ్ళాడు. మేము టెక్సస్ రాష్ట్రంలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటున్నాం. ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు గాని, పిల్లలను సైన్యానికి పంపినవారు మా పరిచయస్థుల్లో లేరు. అందువల్ల ఆ వారాలను ఎలా దాటాలో తెలుగులో చెప్పే మనిషి నాకు దొరకలేదు. ఇకమీదట ఆ స్థితిలోకి వచ్చే తల్లికో తండ్రికో ఉపయోగపడుతుందని నా అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నిర్ణయం వాడిదే. 17 ఏళ్ళకే చేరాలంటే తల్లిదండ్రుల సంతకం ఉండాలి, 18 నిండితే అక్కర్లేదు. మావాడు 18వ పుట్టినరోజు దాటిన తర్వాతే మాకు విషయం చెప్పాడు, అయినా మేము మనసారా ఒప్పుకుంటేనే వెళ్తానన్నాడు. మావారికి దిగులు కలిగింది. నాకు దిగులూ కోపమూ రెండూ కలిగాయి. వాడు నిదానంగా, తాను ఏడాదిగా ఇదే ఆలోచిస్తున్నాననీ, కొన్నేళ్ళ సేవ తర్వాత సైన్యంలో పనిచేసినవారి చదువుకు తోడ్పడే జీఐ బిల్లు అనే చట్టం కింద 36 నెలల కాలేజీ చదువుకు సహాయం అందుతుందనీ, ఆ సహాయం లేకపోయినా తనకు ఇందులోకే వెళ్ళాలని ఉందనీ చెప్పాడు. ఆ చివరి మాట విన్నాక నేను వాదన మానుకున్నాను. రిక్రూటర్, అంటే సైన్యంలోకి మనుషులను చేర్చుకునే ఉద్యోగి, మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల దగ్గర చాలాసేపు కూర్చుని మేము అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పాడు. వాడికి దెబ్బ తగిలితే మాకెవరు చెబుతారన్నది నా మొదటి ప్రశ్న. తీవ్రమైనదైతే శిబిరం నుంచే ఫోను వస్తుందనీ, చిన్న దెబ్బలకూ జలుబు జ్వరాలకూ ఎవరూ కబురు చేయరనీ అతడు దాచకుండా చెప్పాడు. ఆ మాటను మేము గుర్తుపెట్టుకున్నాం.

తెలిసినవారి మాటలు వేరుగా ఉన్నాయి. కాలేజీలో సీటు రాలేదా అని కొందరు, ఒక్కగానొక్క కొడుకును ఎలా పంపబుద్ధయిందని కొందరు అడిగారు. వారిలో చాలామంది ప్రేమతోనే అడిగారని నాకు తెలుసు. కాని ఒకే ప్రశ్నకు పదిచోట్ల సంజాయిషీ చెప్పుకుంటూ తిరిగితే, ముందున్న వారాలకు కావలసిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. వాడు ఇష్టపడి వెళ్తున్నాడు, మేము దీవించి పంపుతున్నాం, ఈ రెండు ముక్కలే అందరికీ చెప్పాలని నేనూ మావారూ అనుకున్నాం, చివరిదాకా అలాగే చెప్పాం. ఈ దారిన వచ్చే ఎవరికైనా నేను చెప్పేది కూడా అదే.

మిసిసిపీ నదికి పడమటి రాష్ట్రాలవారిని సాధారణంగా కాలిఫోర్నియాలోని శాన్ డియేగో శిబిరానికి, తూర్పు రాష్ట్రాలవారిని సౌత్ కరొలైనాలోని పారిస్ ఐలాండ్‌కు పంపుతారు. మాది టెక్సస్ కనుక వాడికి శాన్ డియేగో వచ్చింది. బయలుదేరే ముందు రాత్రి డాలస్‌లో వాళ్ళే హోటల్లో బస ఏర్పాటు చేస్తారు. మరునాడు తెల్లవారుజాము నుంచే వైద్య పరీక్షలు, కాగితాల పని, ఆపైన ప్రమాణం. ప్రమాణం చేసేటప్పుడు కుటుంబ సభ్యులను లోపలికి రానిస్తారు. చిన్న గది, ముందు జెండాలు, వరుసగా నిలబడ్డ పిల్లలు. కుడిచేయి ఎత్తి ప్రమాణం చేస్తున్నప్పుడు వాడి గొంతు వణకలేదు. వాడు వెంట తీసుకెళ్ళింది ఒక ఫైలు, ఒంటిమీది బట్టలు, కొద్దిగా డబ్బు. ఫోనును అక్కడ భద్రపరిచి శిక్షణ ముగిశాక ఇస్తారని తెలిసినా, వాడు దాన్ని ఇంట్లోనే వదిలివెళ్ళాడు.

ఆ రాత్రి పొద్దుపోయాక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల వాడు అరుస్తున్నట్టుగా, ఊపిరి తీసుకోకుండా, క్షేమంగా శాన్ డియేగో చేరాననీ, తినుబండారాలు గాని పెద్ద వస్తువులు గాని పంపవద్దనీ, కొన్ని రోజుల్లో ఉత్తరం ద్వారా కొత్త చిరునామా తెలియజేస్తాననీ, మా సహకారానికి కృతజ్ఞతలనీ చెప్పి పెట్టేశాడు. వెనుక ఎందరో ఒకేసారి అరుస్తున్నారు. మా మాట వినడానికి అక్కడ వీలు లేదు. ఆ వాక్యాలు ఎదురుగా రాసిపెట్టి ఉంటాయి, ప్రతి శిక్షణార్థీ వాటినే చదువుతాడు. ఈ సంగతి ముందుగానే తెలుసుకున్నాను కాబట్టి ఆ అరుపును వాడి భయంగా తీసుకోలేదు. తెలియని తల్లికి మాత్రం ఆ ఫోను గుండె ఆగినంత పని చేస్తుంది. పిల్లవాడు బయలుదేరిన రాత్రి ఎంత పొద్దుపోయినా, ఏ నంబరు కనిపించినా ఫోను ఎత్తండి. ఇద్దరూ వినగలిగేలా స్పీకర్ పెట్టుకోండి. "మేం బాగున్నాం నాన్నా" అన్న ఒక్క ముక్క అనగలిగితే అదే పదివేలు. మావారు అది అనగలిగారు.

ఆ తర్వాత వచ్చింది అసలైన నిశ్శబ్దం. కొత్త చిరునామా వచ్చేవరకు మనం ఉత్తరం కూడా రాయలేం. ఇంట్లో వాడి గది అలాగే ఉంటుంది, భోజనానికి మూడు కంచాలు తీసే అలవాటు చేతిని వదలదు. పగలు ఉద్యోగంలో పడి ఎలాగో గడిచిపోయేది. రాత్రులు మాత్రం వెలుగుతున్న ఫోను తెర ముందు కూర్చుని, చదవకూడనివన్నీ చదివేదాన్ని. వాటిలో ఒక సంగతిని ఇక్కడ దాచదలచుకోలేదు, ఎందుకంటే మన దేశాల నుంచి వచ్చిన ఏ తల్లిదండ్రులైనా దాన్ని వెతికి చదువుతారు. 2016 మార్చిలో పారిస్ ఐలాండ్ శిబిరంలో మిషిగన్‌కు చెందిన ఒక పాకిస్తానీ సంతతి యువకుడు మూడో అంతస్తు మెట్ల మీదుగా కిందపడి మరణించాడు. ముస్లిం శిక్షణార్థులను హింసించిన నేరం రుజువై శిక్షణ ఇచ్చే ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్‌కు 2017లో సైనిక న్యాయస్థానం పదేళ్ళ శిక్ష విధించింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర లేదు. ఒంటి రంగును బట్టి, పేరును బట్టి నా బిడ్డను ఎవరైనా వేరుగా చూస్తారేమోనన్న భయం చదువుతో, తర్కంతో పోయేది కాదు. పగటిపూట మావారితో కూర్చుని ఆ కేసు వివరాలు మొదటినుంచి చివరిదాకా చదివాను. విచారణ జరిగింది, శిక్ష పడింది, ఆపైన పర్యవేక్షణ పెరిగింది. భయం పూర్తిగా పోకపోయినా దానికి ఒక హద్దు ఏర్పడింది. చదవదలచుకుంటే పట్టపగలు, పక్కన మరో మనిషి ఉండగా, సగంలో ఆపకుండా చదవాలి. రాత్రి ఒంటరిగా శీర్షికలు మాత్రం చూసి వదిలేస్తే అవి మనసులోనే ఉండిపోతాయి.

నన్ను ఎక్కువగా నిలబెట్టింది శిక్షణ క్రమాన్ని తెలుసుకోవడం. మెరీన్ కోర్ ఏ వారంలో ఏం జరుగుతుందో స్థూలంగా బయటివారికి తెలియజేస్తుంది. నేను దాన్ని ఒక పెద్ద కాగితం మీద రాసి వంటగదిలో ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మొదటి కొద్దిరోజులు స్వీకరణ దశ: జుట్టు తీయడం, టీకాలు, బట్టలు, బూట్లు, పళ్ళ పరీక్ష, పరుగు పరీక్ష. ఆ తర్వాత వచ్చే శుక్రవారాన, తమను చివరిదాకా నడిపించబోయే డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ల చేతిలో పడతారు. శిక్షణార్థులు ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అంటారు. ఆపైన కవాతు, చేతులతో పోరాడే విద్య, మెరీన్ కోర్ చరిత్ర పాఠాలు, బట్టలతోనే నీళ్ళలోకి దిగి ఈదే పరీక్ష. మధ్యలో కొన్ని వారాలు శాన్ డియేగో నగరం వదిలి, ఉత్తరాన ఉన్న క్యాంప్ పెండిల్టన్‌కు వెళ్తారు. అక్కడ ఎడ్సన్ రేంజ్‌లో ఒక వారమంతా తుపాకీలో తూటాలు లేకుండా నేలమీద పడుకుని, కూర్చుని, నిలబడి గురి పట్టడమే నేర్పుతారు, తర్వాతి వారం కాల్పులు. చివరికొచ్చేసరికి క్రూసిబుల్ అనే 54 గంటల పరీక్ష. అది దాటాక మళ్ళీ శాన్ డియేగో.

ఇలా రాసిపెట్టుకోవడం వల్ల "వాడు ఏమయ్యాడో" అన్న ప్రశ్న "ఈ వారం వాడికి ఈత పరీక్ష" అన్న వాక్యంగా మారింది. మొదటిది మనిషిని తినేస్తుంది. రెండోదాన్ని మోయగలం. శిక్షణార్థులకు రోజూ ఎనిమిది గంటల నిద్ర కేటాయిస్తారని తెలిసినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. శాన్ డియేగో మాకంటే రెండు గంటలు వెనక. ఇక్కడ పొద్దుపోయాక దీపం ఆర్పేటప్పుడు, వాడు కూడా ఇప్పుడు పడుకునే వేళకు వచ్చుంటాడని లెక్క వేసుకునేదాన్ని.

మా అత్తగారు తాడేపల్లిగూడెంలో ఉంటారు. మనవడి కబురు కోసం మా అందరికంటే ఎక్కువగా ఆమే కుంగిపోతారని నేను భయపడ్డాను. జరిగింది వేరు. ఆమె అక్కగారిని మాధవరం ఇచ్చారు. తాడేపల్లిగూడెం దగ్గరి ఆ ఊరిని చుట్టుపక్కలవారు మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ అక్కడి కుటుంబాలు కొడుకులను సైన్యానికి పంపుతూనే ఉన్నాయి. 1971 యుద్ధం జరిగినప్పుడు అక్కగారి భర్త సైన్యంలో ఉన్నారట. ఉత్తరం మీద 56 ఏ.పి.ఓ. అన్న సైనిక తపాలా చిరునామా తప్ప మనిషి ఏ సరిహద్దులో ఉన్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. వీడియోలో నా ముఖం చూసి అత్తగారు, "చెడ్డ కబురు టెలిగ్రాములో వచ్చేదమ్మా, ఉత్తరంలో రాదు. ఉత్తరం ఇంకా రాలేదని చూస్తున్నామంటే, టెలిగ్రాము కూడా రాలేదనేగా?" అన్నారు. రిక్రూటర్ చెప్పింది కూడా ఇదే సంగతి. కాని ఆమె నోట విన్నప్పుడే అది నాలోకి దిగింది. వారి అక్కగారు జవాబు వచ్చినా రాకపోయినా ప్రతి గురువారం ఒక ఇన్‌లాండ్ కవరు రాసి పంపేవారట. ఎదురుచూడడం ఒక్కటే పనిగా పెట్టుకోవద్దనీ, చేతికి రాత పెట్టుకోమనీ ఆమె నాతో అన్నారు.

చిరునామాతో కూడిన అచ్చు కాగితం ముందుగా వచ్చింది. అందులో వాడి కంపెనీ (సైనిక దళం) పేరు, అందులో వాడుండే ప్లటూన్ అనే జట్టు నంబరు, ఏవి పంపవచ్చో ఏవి పంపకూడదో వివరాలు ఉన్నాయి. ఆ కాగితం అడుగున వాడు తన చేత్తో రెండు వాక్యాలు రాశాడు: బాగున్నాను, ఉత్తరాలు రాయండి. ఆ రోజు నుంచి నా దినచర్య మారిపోయింది. ఇక్కడి పోస్టల్ శాఖవారి ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ అనే ఉచిత సేవలో పేరు నమోదు చేసుకుంటే, ఆ రోజు మన ఇంటికి రాబోయే కవర్ల ముఖచిత్రాలను పొద్దున్నే ఈమెయిలులో చూపుతారు. కరెంటు బిల్లుల మధ్య వాడి వంకర అక్షరాలు కనిపించిన రోజు ఆఫీసులో నా నడకే మారేది. కవరు మీద నేను మొదట చూసేది ప్లటూన్ నంబరు. గాయపడినవారినీ పరీక్ష తప్పినవారినీ వెనక వస్తున్న ప్లటూన్‌కో, వైద్యం కోసం వేరే ప్లటూన్‌కో మారుస్తారు, అప్పుడు చిరునామాలో ఆ అంకె మారుతుంది. అంకె మారలేదంటే వాడు తనవాళ్ళతోనే ఉన్నాడని అర్థం. ఆదివారాలూ, జూలై 4 వంటి సెలవులూ పోస్టు లేని రోజులు. ఆ రోజులకు ముందుగానే ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని, లేకపోతే ఊరికే గుమ్మం దాకా వెళ్ళి వస్తుంటాం.

మొదటి నిజమైన ఉత్తరం నాలుగు పేజీలు. అది చదవడానికి తల్లి మనసు సిద్ధపడి ఉండాలి. మొదటి వారాల ఉత్తరాల్లో పిల్లలు తమ కష్టాన్ని దాచుకోరు. వాడు కూడా, గొంతు పోయిందనీ, ఎందుకు వచ్చానా అనిపిస్తోందనీ, పక్కనే ఉన్న విమానాశ్రయం నుంచి విమానాలు లేస్తుంటే ప్రతి విమానమూ డాలస్‌కే వెళ్తున్నట్టు ఉందనీ రాశాడు. శాన్ డియేగో శిబిరానికీ విమానాశ్రయానికీ మధ్య ఒక కంచె మాత్రమే అడ్డు. ఆ వాక్యం చదివి నేను ఏడ్చాను. మావారు చదివి, తారీఖు చూపించారు. ఉత్తరం రాసి వారం పైనే అయింది. అప్పటి దుఃఖానికి ఈరోజు జవాబు రాస్తే, అది వాడికి చేరేది మరో వారానికి. అప్పటికి వాడు ఏ స్థితిలో ఉంటాడో ఎవరికి తెలుసు? కాబట్టి బెంగకు బెంగతో జవాబు రాయకూడదని నిశ్చయించుకున్నాం. నీ మాటలు చేరాయి, నీ గురించి గర్వపడుతున్నాం అని ఒక్క వాక్యం రాసి, మిగతా పేజీ అంతా ఇంటి సంగతులతో నింపేవాళ్ళం.

ఉత్తరం ఎలా రాయాలన్న దాని మీద నేను చాలా శ్రద్ధ పెట్టాను. మామూలు తెల్ల కవరు, నీలం సిరా, బొమ్మలు లేవు, రంగు కాగితాలు లేవు. ప్రత్యేకంగా కనిపించే కవరు వస్తే అందరి ముందూ పిల్లవాడి మీద దృష్టి పడుతుంది, దానికి వాడు దండీలు తీయవలసి రావచ్చు. తినుబండారాలు అసలు పంపకూడదు. సున్నుండలు చేసి పంపాలని అత్తగారికి ఎంత ఉన్నా ఆ కోరికను శిక్షణ అయ్యేదాకా వాయిదా వేయవలసిందే. కవరు వెనక మూలన వరుస సంఖ్య వేసేదాన్ని, ఎందుకంటే మూడు నాలుగు ఉత్తరాలు ఒకేసారి చేతికి అందుతాయి, ఏది ముందుదో తెలియదు. ఇంట్లో డబ్బు ఇబ్బందులు, జబ్బులు, గొడవలు రాయలేదు. నువ్వు లేక ఇల్లు బోసిపోయిందని కూడా రాయలేదు, అది నిజమే అయినా. పెరట్లో వంకాయ మొక్క కాసిన సంగతి, పక్కింటి కుక్క మా గరాజులో దూరిన సంగతి, డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు సన్నాహాల కబుర్లు, ఇవి రాశాను. రోజంతా అరుపుల మధ్య బతికే పిల్లవాడికి పడుకునే ముందు దొరికే కొద్ది విరామంలో ఇంటి వాసన ఉన్న చిన్న విషయమే ఎక్కువ బలమిస్తుందని వాడే తర్వాత చెప్పాడు. వాడు చిన్నప్పుడు ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే మనబడికి వెళ్ళి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ప్రతి ఉత్తరం అడుగున ఒక తెలుగు వాక్యం పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. అత్తగారు చెప్పిన మాటను ఆమె చెప్పినట్టే రాసి, కింద నాయనమ్మ అని పెట్టేదాన్ని. ఆ వాక్యం చదవడానికి వాడికి కాస్త ఎక్కువసేపు పట్టేదట, అందుకే దాన్ని చివరికి దాచుకునేవాడట.

మధ్యలో ఒక ఉత్తరంలో, జ్వరమూ దగ్గూ పట్టుకున్నాయనీ, ప్లటూన్‌లో సగంమంది దగ్గుతున్నారనీ రాశాడు. ఒకే గదిలో అరవై డెబ్బయి మంది పడుకునే చోట అది మామూలే. ఆ ఉత్తరం తర్వాత చాలా రోజులు ఏమీ రాలేదు. నా మనసు న్యుమోనియా దాకా వెళ్ళింది. తర్వాత వచ్చిన ఉత్తరం తీరా చూస్తే జ్వరం ఉత్తరానికి ముందు రాసినది. ఆ తర్వాతిదాంట్లో జ్వరం ప్రస్తావనే లేదు, పుల్-అప్‌లు ఎన్ని పెరిగాయో రాశాడు. మనం ఇక్కడ ఎంత కుమిలినా ఆ జ్వరం అప్పటికే తగ్గి ఉంటుంది. ఈ అనుభవం తర్వాత ఉత్తరాలను వచ్చిన వరుసలో గాక రాసిన తారీఖుల వరుసలో ఒక ఫైలులో పెట్టడం మొదలుపెట్టాను. అలా చదివితే వాడు వారం వారానికీ గట్టిపడుతున్నది స్పష్టంగా కనిపించింది. అక్షరాలు కూడా నిటారుగా మారాయి.

మన వైపు నుంచి అత్యవసరమైన కబురు చేయవలసి వస్తే ఏమిటన్నది కూడా ముందే తెలుసుకుని ఉండాలి. ఇంట్లో మరణమో తీవ్రమైన జబ్బో సంభవిస్తే అమెరికన్ రెడ్ క్రాస్‌కు చెప్పాలి. వారు ఆసుపత్రి నుంచి నిజాన్ని నిర్ధారించుకుని శిక్షణార్థి పైఅధికారులకు తెలియజేస్తారు. ఇందుకోసం పిల్లవాడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, కంపెనీ, ప్లటూన్ వంటి వివరాలు ఒకచోట రాసి ఉంచుకోవాలి. మాకు ఆ అవసరం రాలేదు. అయినా ఆ కాగితం సొరుగులో ఉందన్న ధైర్యం వేరు, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఇండియాలో ఉన్న మాలాంటివారికి.

శ్రావణమాసం వచ్చేసరికి వాడు క్యాంప్ పెండిల్టన్‌కు చేరుకున్నాడు. వరలక్ష్మీ వ్రతానికి ఇంటికి వచ్చిన ఆడవాళ్ళు ఈసారి వాడి గురించి మరో రకంగా అడిగారు. ఉత్తరాలు వస్తున్నాయా, తిండి ఎలా ఉందట, అని. తిండి గురించి మన శాకాహార కుటుంబాలకు ఒక మాట: మైదానంలో ఇచ్చే పొట్లం భోజనాల్లో మాంసం లేని రకాలు కొన్ని ఉంటాయి. మావాడు అన్నీ తింటాడు కనుక మాకు ఆ చింత లేకపోయింది. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి వీలైనప్పుడల్లా వెళ్ళేవాళ్ళం. మావారు పెద్దగా గుడికి వెళ్ళే మనిషి కాదు, ఆ వేసవిలో మాత్రం తానే కారు తీసేవారు. మేమిద్దరం ఒకరి దిగులును మరొకరు పోల్చి చూసుకోకుండా ఉండడం నేర్చుకున్నాం. ఆయనది మౌనం, నాది మాట. ఆయన రోజూ వాడి పాత సైకిలు బాగుచేస్తూ కూర్చునేవారు, అది ఆయన ఉత్తరం రాసే పద్ధతి అని నాకు అర్థమైంది.

క్రూసిబుల్ వారం అన్నిటికంటే కష్టం. 54 గంటలపాటు చాలీచాలని నిద్ర, కొద్దిపాటి తిండి, భుజాన బరువు, మొత్తం మీద నలభై మైళ్ళకు పైగా నడక. జట్టుగా తప్ప ఒక్కరుగా దాటలేని అడ్డంకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పెండిల్టన్‌లో చివరి నడక నిటారుగా లేచే ఒక కొండ మీదికి సాగుతుంది. దాన్ని రీపర్ అంటారు. అది ఎక్కి దిగిన తర్వాతనే గద్ద, భూగోళం, లంగరు ఉన్న మెరీన్ చిహ్నాన్ని చేతిలో పెడతారు. అంతవరకు రిక్రూట్ అని పిలిచినవాడిని ఆ క్షణం నుంచి మెరీన్ అంటారు. ఆ రోజులు ఏవో మాకు స్థూలంగా తెలుసు గాని, అక్కడ ఏ గంటకు ఏం జరుగుతున్నదో తెలియదు. ఉత్తరాలు కూడా రావు. ఆ రెండు మూడు రోజులు నేను ఆఫీసుకు సెలవు పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. సాయంత్రాలు మావారూ నేనూ మా వీధి చివరి పార్కు చుట్టూ అలసిపోయేదాకా నడిచాం. వాడు నడుస్తున్నాడన్న తలంపుతో ఇంట్లో కూర్చోలేకపోయాం. అక్కడ తెల్లవారే వేళకు వంద గాయత్రి చేసుకున్నానని అత్తగారు చెప్పారు.

ఆ తర్వాతి ఆదివారం ఫోను మోగింది. ఈసారి వాడు అరవలేదు. "అమ్మా, నేను మెరీన్‌ని" అన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అడుగుదామని రాసిపెట్టుకున్న ప్రశ్నల కాగితం నా చేతిలోనే ఉంది, ఒక్కటీ అడగలేదు. కాళ్ళు బొబ్బలెక్కాయా అని మాత్రం అడిగాను. ఎక్కాయన్నాడు. నాయనమ్మకు ముందు చెప్పమన్నాడు.

గ్రాడ్యుయేషన్ శుక్రవారం జరుగుతుంది, ముందురోజు గురువారం కుటుంబాలను కలవనిస్తారు. విమాన టికెట్లు, హోటలు ముందే తీసుకోవాలి గాని, గాయం వల్లో మరో కారణం వల్లో తేదీ వెనక్కి జరగవచ్చు, కనుక మార్చుకోగలిగిన టికెట్లు కొనడం మంచిది. గురువారం పొద్దున కొత్త మెరీన్లు వరుసలుగా పరుగెత్తుతూ మా ముందు నుంచి వెళ్ళారు. అందరికీ ఒకే గుండు, ఒకే బట్టలు, ఒకే పాట. నేను వాడిని గుర్తుపట్టలేదు. మావారు నడకను బట్టి గుర్తుపట్టి చూపించారు. బాగా చిక్కాడు, ఎండకు నల్లబడ్డాడు, నడుము నిటారుగా ఉంది. కలిసిన తర్వాత వాడు నా చేతిలోని సంచి తీసుకుని, నన్ను నీడలో కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళు తెచ్చాడు. వాడు మా ఉత్తరాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాచుకున్నాడు. చెమటకు సిరా కొన్నిచోట్ల అలుక్కుపోయింది.

ఇంట్లో పదిరోజుల సెలవు గడిపి మళ్ళీ క్యాంప్ పెండిల్టన్‌కే, తర్వాతి దశ శిక్షణకు వెళ్ళాడు. ఇప్పుడు ఫోను ఉంది, వారాంతంలో మాట్లాడతాడు. ఫోను చేయని వారాలూ ఉంటాయి. అవి మునుపటిలా లేవు, ఆ వారం వాడి పని ఏమిటో అడిగి తెలుసుకుని ఫ్రిజ్ మీది కాగితంలో రాసుకుంటున్నాను.

ఈమధ్య ప్లేనోలో ఉండే ఒక తెలుగు తల్లి మా స్నేహితుల ద్వారా నన్ను కలిసింది. ఆమె కూతురు నౌకాదళంలో చేరుతోంది. నౌకాదళానికి అమెరికా అంతటికీ ఒకటే తొలి శిక్షణ కేంద్రం, షికాగోకు ఉత్తరాన మిషిగన్ సరస్సు ఒడ్డున గ్రేట్ లేక్స్‌లో ఉంది. నియమాలు కొన్ని వేరు, వారాల సంఖ్య వేరు. ఆమె మా ఇంట్లో కూర్చుని, తొలిరాత్రి వచ్చే ఫోను గురించీ, పోస్టు గురించీ, చిరునామా ఎప్పుడు వస్తుందన్న దాని గురించీ అడిగింది. నా ఫైలు తెచ్చి తారీఖుల వరుసలో ఉన్న ఉత్తరాలు చూపించాను. జ్వరం ఉత్తరాన్నీ, దాని తర్వాతి పుల్-అప్‌ల ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చదివించాను. ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీలో ఆమె పేరు అక్కడికక్కడే నమోదు చేశాం. కూతురి చిరునామా రాగానే నాకూ పంపమని అడిగాను. ఆ అమ్మాయికి తెలుగు చదవడం వచ్చో రాదో కూడా కనుక్కున్నాను. వచ్చునట.